ఎస్టోనియా, ఫిన్లాండ్ ఊరి ఉయ్యాలలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ నెలలో ఎస్టోనియా పల్లెల మీదుగా బస్సులో వెళ్తుంటే ఊరి చివర, కాస్త ఎత్తుగా ఉన్న గడ్డి నేల మీద ఒక పెద్ద చెక్క చట్రం కనిపిస్తుంది. కొత్తవాళ్లకు అది సగంలో ఆపేసిన పందిరిలా అనిపిస్తుంది. అది ఉయ్యాల. ఊరందరిదీ. చదువుకోడానికో ఉద్యోగానికో ఇటువైపు వచ్చే తెలుగువాళ్లు దీని గురించి తరచుగా అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇవి.

ఊరి ఉయ్యాల అంటే ఏమిటి? పార్కులో ఉండే ఉయ్యాలకీ దీనికీ తేడా ఏమిటి?

పార్కు ఉయ్యాలలో ఒకరు కూర్చుంటే ఇంకొకరు వెనక నుంచి తోస్తారు. ఊరి ఉయ్యాల ఎక్కేవాళ్లు ఎక్కువగా నిలబడే ఊగుతారు, అదీ గుంపుగా. చిన్నదైతే నలుగురు, పెద్దదైతే పది పన్నెండు మంది ఒకేసారి ఎక్కుతారు. కింద నుంచి తోసేవాళ్లు ఎవరూ ఉండరు. ఎక్కినవాళ్ల మోకాళ్లే దానికి ఇంజన్.

ఇంకో ముఖ్యమైన తేడా, దీనికి తాళ్లు గానీ గొలుసులు గానీ ఉండవు. పై దూలం నుంచి గట్టి కర్రలు దిగుతాయి. ఆ కర్రలకు అడుగున బల్ల ఉంటుంది. తాడు వదులవుతుంది, మెలి తిరుగుతుంది. కర్ర అలా కాదు. అందుకే అంతమంది ఎక్కినా ఉయ్యాల పక్కలకు పోకుండా ఒకే దారిలో ముందుకూ వెనక్కూ వెళ్తుంది.

దాన్ని అక్కడివాళ్లు ఏమంటారు?

ఎస్టోనియన్‌లో ఉయ్యాలను కీక్ అంటారు, ఊరి ఉయ్యాల క్యులాకీక్. ఫిన్నిష్‌లో కెయ్ను, క్యులాకెయ్ను. రెండింటిలోనూ ముందున్న 'క్యులా' అంటే ఊరు. ఈ రెండూ అక్కాచెల్లెళ్ల లాంటి భాషలు కాబట్టి మాటలు ఇలా కలుస్తాయి. ఫిన్నిష్‌లో కీక్కు అనే మాట కూడా ఉంది, అది ఎస్టోనియన్ కీక్‌కు దగ్గర చుట్టం. దక్షిణ ఎస్టోనియాలో హ్యల్ అంటారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ చుట్టుపక్కల ఇంగ్రియా ప్రాంతపు పల్లెల్లో లియెక్కు అనేవారు. ఉయ్యాల ఉన్న జాగాను ఎస్టోనియాలో కీగెప్లాట్స్ అంటారు. అది గుట్ట మీద ఉంటే కీగెమాగి, అంటే ఉయ్యాల గుట్ట.

ఎలా కడతారు?

రెండు వైపులా బలమైన గుంజలు పాతి, అవి ఒరిగిపోకుండా ఏటవాలు దుంగలతో ఊతం ఇస్తారు. వాటి తలల మీద అడ్డంగా ఒక దూలం పెడతారు. ఈ దూలం బండి ఇరుసులా తిరుగుతుంది. దానికి బిగించిన కర్రలు కిందికి దిగి బల్లను పట్టుకుంటాయి. పట్టుకోడానికి నడుము ఎత్తున అడ్డకర్రలు కూడా ఉంటాయి. వాడే చెట్లు అడవిలో దొరికే పైన్, స్ప్రూస్, బర్చ్. ఇప్పుడు కడుతున్నవాటికి ఇనుప బేరింగులు, బోల్టులు వేస్తున్నారు.

కట్టే జాగాను చాలా ఆలోచించి ఎంచేవారు. ఊరికి మరీ దూరం కాకూడదు, పెద్దవాళ్ల గుమ్మాల ముందూ ఉండకూడదు. చుట్టూ గుంపు నిలబడడానికి, ఆడడానికి ఖాళీ కావాలి. నాలుగు దారులు కలిసే చోటు, ఊరి చివరి మైదానం, చిన్న గుట్ట, ఇలాంటివి చూసుకునేవారు. పక్క ఊరి పిల్లలు కూడా నడిచి రాగలిగేలా ఉండాలి. అది చాలా అవసరం, ఎందుకో కింద చెబుతాను.

ఏ కాలంలో ఊగుతారు?

ఎస్టోనియాలో ఈస్టర్ నుంచి మధ్య వేసవి పండుగ యానిపేవ్ దాకా, అంటే జూన్ 24 దాకా. ఈస్టర్‌కు అక్కడ ఉన్న పాత పేర్లలో ఒకటి కీగెప్యుహద్, అంటే ఉయ్యాల పండుగ. ఇంకో పేరు మునదెప్యుహద్, గుడ్ల పండుగ. ఈ రెండు పేర్లూ ఒకదానికొకటి జోడీ.

అక్కడి చలికాలం తెలిస్తే ఈ కాలం ఎందుకో అర్థమవుతుంది. నెలల తరబడి మంచు, మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకే చీకటి, అందరూ ఇళ్లలోనే. మంచు కరిగి నేల బయటపడగానే పడుచువాళ్లకు కాళ్లు నిలవవు. మరోవైపు యానిపేవ్ దాటితే గడ్డి కోత మొదలవుతుంది, పొద్దస్తమానం పొలంలోనే పని. ఆ రెండింటి మధ్య దొరికే వసంతమే ఉయ్యాల కాలం. ఆదివారాలు, పండుగ రోజులు, వాటి ముందు సాయంత్రాలు అక్కడే గడిచేవి.

యానిపేవ్ ముందు రాత్రి, అంటే జూన్ 23న, పెద్ద మంటలు వేస్తారు. ఆ రాత్రి రాజధాని తాలిన్‌లో సూర్యుడు పదిన్నర దాటాక అస్తమించి తెల్లవారుజామున నాలుగింటికల్లా మళ్లీ వస్తాడు. మధ్యలో కూడా పూర్తి చీకటి పడదు. ఆ వెలుతురులో నలుగురూ ఎక్కిన ఉయ్యాల కిర్రుమంటూ ఊగుతుంటే వినాలి.

ఎవరు కట్టేవారు? గుడ్లు ఇవ్వడం ఏమిటి?

కట్టడం ఊరి పడుచు కుర్రాళ్ల పని. అడవికి వెళ్లి దుంగలు కొట్టి తెచ్చి, ఈస్టర్ నాటికి ఉయ్యాల సిద్ధం చేయాలి. దానికి కూలి ఎవరూ ఇవ్వరు. కానీ ఊరికే కూడా పోదు.

అమ్మాయిలు రంగు గుడ్లు తెచ్చి ఉయ్యాల కట్టినవాళ్లకు, తమను ఊపినవాళ్లకు ఇచ్చేవారు. వీటికి ఉయ్యాల గుడ్లు అనే పేరే ఉంది. ఉల్లిపొట్టుతో ఉడికిస్తే ఎర్రటి గోధుమ రంగు, బర్చ్ ఆకులతో ఉడికిస్తే పసుపు వస్తుంది. రంగు ఎవరిది బాగా కుదిరింది, ఏ అమ్మాయి ఎవరికి గుడ్డు ఇచ్చింది, ఇవన్నీ ఊరంతా గమనించేది. ఆ గుడ్లతో ఒకదాన్నొకటి కొట్టుకునే ఆట ఆడేవారు. ఎవరి గుడ్డు పగలకుండా నిలిస్తే వాళ్లదే గెలుపు. ఆగ్నేయాన సెతోమా అనే ప్రాంతంలో ఇసుక వాలు మీద గుడ్లు దొర్లించే ఆట ఇప్పటికీ ఉంది.

గుడ్లతో పాటు ఊలు చేతి తొడుగులు, మేజోళ్లు కట్టుకునే నేత పట్టీలు కూడా ఇచ్చేవారు. వాటిని ఉయ్యాలకు కట్టడం కూడా ఉండేది. ఈ తొడుగుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పాతకాలపు ఎస్టోనియాలో అమ్మాయి పెళ్లినాటికి బోలెడన్ని తొడుగులు అల్లి పెట్టుకోవాలి, పెళ్లిలో బంధువులందరికీ పంచడానికి. ఒక్కో ప్రాంతానికి ఒక్కో నమూనా. తొడుగు చూస్తే అల్లిన చేతి నేర్పు తెలిసిపోతుంది. అలాంటి తొడుగును అందరూ చూసే ఉయ్యాలకు కట్టడమంటే తన పనితనాన్ని ఊరి ముందు పెట్టడమే.

అబ్బాయి చేతి పని ఉయ్యాల, అమ్మాయి చేతి పని తొడుగు. రెండూ ఒకే చోట కనిపిస్తాయి. పక్క ఊరివాళ్లు కూడా వస్తారు. చాలా పెళ్లి సంబంధాలకు మొదటి చూపు ఇక్కడే పడేదంటే ఆశ్చర్యం లేదు.

ఉయ్యాల పాటలు అంటారు కదా, అవి జోలపాటలా?

కాదు. జోలపాట పిల్లను నిద్రపుచ్చడానికి. ఇవి పడుచువాళ్లు, ముఖ్యంగా అమ్మాయిలు, ఆరుబయట గొంతెత్తి పాడేవి. నన్నడిగితే ఈ సంప్రదాయంలో అన్నిటికన్నా విలువైనవి ఇవే.

ఈ తీరు పాత జానపద పాటను ఎస్టోనియాలో రెగిలౌల్ అంటారు. సాధారణంగా పాదానికి ఎనిమిది అక్షరాలు. ఒకే హల్లుతో మొదలయ్యే మాటలు పక్కపక్కన వస్తాయి, అంటే అనుప్రాస. ఒక పాదంలో చెప్పిన సంగతినే తర్వాతి పాదం వేరే మాటల్లో మళ్లీ చెబుతుంది. ముందు ఒకామె పాదం పాడుతుంది, మిగతావాళ్లు అదే పాదాన్ని అందుకుంటారు. ఫిన్లాండ్, దానికీ రష్యాకూ మధ్య పరచుకున్న కరేలియా, ఇంగ్రియా పాత పాటలు కూడా ఇదే ఛందస్సు కుటుంబానివి.

ఉయ్యాల మీద ఈ తీరు ఎంత హాయిగా కుదురుతుందో లెక్క వేసి చూడండి. నాలుగు మీటర్ల పొడవున వేలాడే ఉయ్యాల అటు వెళ్లి ఇటు రావడానికి సుమారు నాలుగు సెకన్లు పడుతుంది, ఒక వైపుకు రెండు. ఎనిమిది అక్షరాల పాదం ఆ రెండు సెకన్లలో తొందరపడకుండా పట్టేస్తుంది. అటు వెళ్లేటప్పుడు ఒకామె, ఇటు వచ్చేటప్పుడు అందరూ. తాళం వేయడానికి వేరే వాయిద్యం అక్కర్లేదు.

పాటల్లో విషయాలు చాలా సూటిగా ఉంటాయి. ఉయ్యాల కట్టిన అన్నదమ్ములకు మెచ్చుకోలు, ఇంకా పైకి ఊగమని ఉయ్యాలను బతిమాలడం, ఇంత ఎత్తు వద్దు, భయమేస్తోందని మొర. ఒక పాట కుటుంబంలో ఉయ్యాల తానే నోరు తెరిచి తొడుగులు కావాలని అడుగుతుంది. పైన చెప్పిన కానుకల ఆచారం పాటలోకి అలా వచ్చి చేరింది.

ఈ పాటలు మనదాకా ఎలా వచ్చాయి?

19వ శతాబ్దంలో సేకరించినవాళ్ల పుణ్యం. ఫిన్లాండ్‌లో 1831లో ఏర్పడిన ఫిన్నిష్ సాహిత్య సంఘం జానపదాలను కూడబెట్టింది. ఎస్టోనియాలో చర్చి పాస్టర్, భాషావేత్త యాకబ్ హుర్త్ 1888లో పత్రికల ద్వారా ప్రజలకు పిలుపు ఇచ్చాడు. మీ ఊళ్లో పాడుకునే పాటలు, చెప్పుకునే కథలు రాసి పంపండని అడిగాడు. వెయ్యి మందికి పైగా స్పందించారు. బడి పంతుళ్లు, రైతులు, చేతిపని చేసుకునేవాళ్లు రాసి పంపిన కాగితాలు లక్ష పేజీలు దాటాయి. అవి ఈరోజు తార్తు నగరంలో, 1927లో మొదలైన జానపద భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. సొంత దేశం అనేది ఇంకా లేని రోజుల్లో ఒక జాతి తన పాటలను ఇలా రాసిపెట్టుకోవడం తలచుకుంటే నాకు గొంతు పూడుకుపోతుంది.

1960లలో స్వరకర్త వెల్యో తొర్మిస్ ఉయ్యాల పాటలను బృందగానానికి మలిచాడు. నేటి ఎస్టోనియన్లలో చాలామంది చెవిలో ఈ పాటలు పడింది అలాగే.

ఎలా ఊపాలి? నాకు ఎప్పుడూ అలవాటు లేదు.

బల్ల రెండు కొసల్లో రెండు వరుసలుగా, ఒకరికొకరు ఎదురుగా నిలబడతారు. మధ్యలో పిల్లలో, కూర్చునేవాళ్లో ఉంటారు. మీ వైపు పైకి లేచి ఆగే క్షణంలో మోకాళ్లు వంచండి. అది కిందికి దిగుతుండగా పాదాలతో బల్లను అదుముతూ నిటారుగా లేవండి. అవతలి కొస పైకి వెళ్లగానే ఎదుటి వరుస అదే చేస్తుంది. అంతే.

చెప్పడం తేలికే గానీ ఒకరు తొందరపడితే ఊపు చచ్చిపోతుంది. నేను మొదటిసారి తార్తుకు దగ్గర్లో ఒక పల్లెలో ఎక్కినప్పుడు భయంతో ప్రతిసారీ ముందే లేచేదాన్ని. నా ఎదురుగా ఉన్న పెద్దావిడ ఏమీ అనలేదు. నా కళ్లలోకి చూస్తూ తన మోకాళ్లను కాస్త ఎక్కువగా వంచి చూపించింది. మూడు నాలుగు ఊపులకే నా కాళ్లు ఆమె కాళ్లను అనుసరించాయి. మాట్లాడుకోడానికి మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు.

ఫిన్లాండ్ ఉయ్యాలలూ అచ్చం ఇలాగే ఉంటాయా?

నిర్మాణం చాలావరకు అదే. కాలం కాస్త మారుతుంది. తూర్పున, ముఖ్యంగా కరేలియా ఆర్థడాక్స్ క్రైస్తవ పల్లెల్లో ఉయ్యాల ఈస్టర్ వేడుక. పడమటి ఊళ్లలో క్రీస్తు ఆరోహణ పండుగ, పెంతెకొస్తు నాటికి యువకులు మంటలు వేసుకుని పోగయ్యేవారు. అక్కడి నుంచి మధ్య వేసవి దాకా ఉయ్యాల సాగేది. మధ్య వేసవి పండుగను ఫిన్నులు యుహన్నుస్ అంటారు. ఎస్టోనియా యానిపేవ్ లాగే ఇది కూడా బాప్తిస్మమిచ్చిన యోహాను పేరు మీద వచ్చిందే. 1955 నుంచి ఫిన్లాండ్ దీన్ని జూన్ 20, 26 మధ్య వచ్చే శనివారానికి మార్చింది.

ఇంకో సంగతి. 1881లో కౌహవాలో మొదటి యువజన సంఘం పుట్టింది. తర్వాత అలాంటివి దేశమంతా వచ్చి సొంత భవనాలు కట్టుకున్నాయి. ఊరి యువత కలుసుకునే చోటు మెల్లగా అటు జరిగింది.

ఇది మతాచారమా?

చర్చి పండుగల చుట్టూ తిరుగుతుంది గానీ చర్చి ఆచారం కాదు. ఇరుగుపొరుగున నమ్మకాలు ఉన్నాయి. లాత్వియాలో ఈస్టర్‌కు ఉయ్యాల ఊగితే వేసవిలో దోమలు కుట్టవంటారు. ఎంత ఎత్తుకు ఊగితే అవిసె చేను అంత ఏపుగా పెరుగుతుందని కూడా అక్కడి రైతులు నమ్మేవారు. అవిసె నారతోనే ఇంటిల్లిపాదికీ బట్టలు కాబట్టి ఆ ఆశ అర్థమవుతుంది. ఇవి క్రైస్తవం రాక ముందటి వ్యవసాయ క్రతువుల ఆనవాళ్లని కొందరు పండితులు అంటారు. అయ్యుండవచ్చు. కానీ పాటలు విన్నంతవరకు నాకు కనిపించేది వసంతం వచ్చిన సంతోషమూ, పడుచుదనమే.

మరి మధ్యలో ఎందుకు తగ్గిపోయింది?

ఒక్క కారణం కాదు. 18వ శతాబ్దం నుంచి ఎస్టోనియా పల్లెల్లో పాకిన మొరావియన్ అనే క్రైస్తవ భక్తి ఉద్యమం పాత పాటలనూ ఆటలనూ లోకవ్యామోహంగా చూసింది. తర్వాత బళ్లు, బృందగానం, ప్రాస ఉన్న కొత్త పాటలు వచ్చి రెగిలౌల్‌ను పాతకాలపు సంగతి చేశాయి. ఆపైన యుద్ధాలు, సోవియట్ కాలపు బలవంతపు తరలింపులు, సామూహిక వ్యవసాయం, పట్నాలకు వలసలు. ఊరే పలచబడితే ఉయ్యాల ఎవరితో ఊగుతారు? అయినా ఉయ్యాలలు పూర్తిగా పోలేదు. పాట ముందు పోయింది, చెక్క తర్వాత దాకా నిలిచింది.

ఇప్పుడు మళ్లీ కడుతున్నారు. ఊరి సంఘాలు నాలుగు చేతులు కలిపి కట్టుకునేవి కొన్ని, స్థానిక ప్రభుత్వాల డబ్బుతో వచ్చేవి కొన్ని.

కీకింగ్ అంటే ఇదేనా?

ఇందులోంచి పుట్టిన ఆట. 1990లలో ప్యార్ను పట్టణానికి చెందిన అదో కోస్క్ దీన్ని కనిపెట్టాడు. చెక్క కర్రల బదులు పొడవు పెంచుకోగలిగే ఉక్కు కడ్డీలు ఉంటాయి. ఆటగాడు ఒక్కడే ఎక్కుతాడు, పాదాలను బల్లకు కట్టేస్తారు. మోకాళ్లు వంచుతూ లేస్తూ ఊపు పెంచి, ఇరుసు మీదుగా తలకిందులుగా పూర్తి చుట్టు తిరగాలి. ఎంత పొడవు కడ్డీలతో తిరిగితే అంత గొప్ప.

పొడవు పెరిగితే ఎందుకు కష్టం? మనిషి కూర్చుని లేచినప్పుడు ఒంటి బరువు కదిలేది కొంచెమే. పొట్టి కడ్డీల ముందు ఆ కొంచెం చాలా ఎక్కువ, పొడుగు కడ్డీల ముందు చాలా తక్కువ. ఒక్కో ఊపుకు దక్కే లాభం తగ్గిపోతుంది. 2018లో స్వెన్ సార్పెరే 7.38 మీటర్ల కడ్డీలతో చుట్టు పూర్తి చేశాడు. అంటే అడుగు నుంచి పై కొసకు దాదాపు ఐదంతస్తుల మేడ ఎత్తు.

ఆట గొప్పదే, చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ దాన్నే ఊరి ఉయ్యాల అని చెప్పడం నాకు నచ్చదు. అక్కడ ఎదురుగా మనిషి లేడు.

పిల్లలతో వెళ్తే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

మనుషులతో నిండిన బల్ల బరువు వందల కిలోలు ఉంటుంది, వెంటనే ఆగదు. ఊగుతున్న దారిలోకి పిల్లలు పరిగెత్తకుండా ఒకరు కింద కాపలా ఉండండి. ఎక్కడం, దిగడం పూర్తిగా ఆగాకే. దూకకూడదు. వాన పడితే బల్ల జారుతుంది, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి. పొడుగు చున్నీలు, వేలాడే పైటలు ముడివేసుకోండి. పక్కన నియమాల పలక ఉంటే ఎంతమంది ఎక్కవచ్చో దాని మీద చూడండి.

ఎక్కడ చూడవచ్చు?

తాలిన్ నగరంలోనే రొకా అల్ మారె దగ్గర సముద్రపు ఒడ్డున ఎస్టోనియా ఓపెన్ ఎయిర్ మ్యూజియం ఉంది. 1957లో స్థాపించారు. పాత పల్లె ఇళ్లు, గాలిమరల మధ్య అక్కడ ఊరి ఉయ్యాల కూడా ఉంది, ఎక్కవచ్చు. కానీ వీలుంటే ఒక యానిపేవ్ రాత్రి ఏదైనా పల్లెకు వెళ్లండి. ఆ రెండు రోజులూ, జూన్ 23, 24, అక్కడ ప్రభుత్వ సెలవులే.

మన అట్లతద్ది ఉయ్యాలకూ దీనికీ సంబంధం ఉందా?

చరిత్రపరంగా ఏ సంబంధమూ లేదు. అట్లతద్ది ఆశ్వయుజంలో వస్తుంది, అక్కడి ఉయ్యాల వసంతానిది. మనది చెట్టు కొమ్మకు తాడు, వాళ్లది గుంజల మీద దూలం. తెలంగాణ బతుకమ్మ పాటలో ప్రతి చరణం చివర 'ఉయ్యాలో' అని వస్తుంది గానీ అక్కడ ఊగే ఉయ్యాల ఉండదు. అయినా తెల్లవారుజామున లేచి, తిని, చెట్టు కింద వంతులేసుకుని ఊగిన మన ఆడపిల్లలకు ఎస్టోనియా అమ్మాయిల పాటలో భయమూ సరదా రెండూ వివరించి చెప్పనక్కర్లేదు. మా అమ్మకు ఫోన్‌లో వీడియో చూపిస్తే ఆమె మొదట అడిగింది, "కొమ్మ విరగదు కదే?" అని.

నాకు వాళ్ల భాష రాదు, పాట రాదు. ఎక్కమంటే ఎక్కవచ్చా?

తప్పకుండా ఎక్కండి. ముందు పాడే ఆమె పాదాన్ని ఒకసారి పూర్తిగా పాడుతుంది, తర్వాత అందరూ దాన్నే పాడతారు కాబట్టి చివరి రెండు మూడు అక్షరాలైనా మీకు అందుతాయి. వాటినే పాడండి. చేతులు అడ్డకర్ర మీద గట్టిగా ఉంచి, మీ ఎదురుగా ఉన్నవాళ్ల మోకాళ్లను చూస్తూ ఉండండి.